నాలుగో పేరు

వీరదుర్గ ఏ ఊళ్లో సర్వర్ పెట్టడానికి వెళ్లినా ముందు కరెంటు గురించి అడగదు. రాయి గురించి అడుగుతుంది. "మీ ఒడ్డున సముద్రం మీదికి వెళ్లొచ్చిన రాయి ఒకటుంటే ఇప్పించండి. ఎవరిదో కనుక్కుని మరీ ఇవ్వండి" అంటుంది. ఆ ఊరి కుర్రాళ్లు మొహమొహాలు చూసుకుని, కంప్యూటర్లు మోసుకుంటూ ఆమె వెనకాల నిలబడ్డ నా వంక చూస్తారు. నేను అటు తిరిగి దగ్గుతాను. ఆ రాయి సంగతి చెప్పాలంటే నా తెలివితక్కువతనం బయటపెట్టుకోవాలి. ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. ఇవాళ రాసేస్తున్నాను.

నా పేరు జానకిరామ్. మాది ద్రాక్షారామం పక్కన వరి పండించుకునే కుటుంబం. పద్నాలుగేళ్ల క్రితం పెదమొగ మత్స్యకారుల సొసైటీలో సెక్రటరీగా చేరాను. గోదావరి పాయ సముద్రంలో పడే చోటుని ఇక్కడ మొగ అంటారు, ఊరు దాని ఒడ్డునే ఉంది. ఇన్నేళ్లయినా నాకు బోటెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని వీళ్లు నన్ను ఒడ్డు మనిషి అంటారు. కోపమొచ్చినప్పుడు ఇంకా ఏదేదో అంటారు, అవన్నీ ఇక్కడ రాయక్కర్లేదు.

వీరదుర్గ మా ఊరి కోడలు. యానాం దగ్గర వేట మీద బతికే కుటుంబంలోనే పుట్టింది. రాజమండ్రిలో పాలిటెక్నిక్ చదివి, అక్కడే ఒక ఆఫీసులో ఐదేళ్లు సర్వర్లు చూసుకుంది. సర్వర్ అంటే మరేం లేదు, మన ఫోన్లు ఏదడిగినా జవాబు చెప్పడానికి ఎక్కడో పగలూ రాత్రీ మేలుకుని ఉండే కంప్యూటర్. మనిషి పొట్టి. జడ చుట్టి ముడేసి అందులో స్క్రూడ్రైవర్ దోపుకుంటుంది. మాట తక్కువ. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం చంటిపిల్లని కోప్పడినట్టు కోప్పడుతుంది. మొగుడు పల్లంరాజు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫైబర్ బోటుకి సరంగు, అంటే నడిపేవాడు. నవ్వకుండా ఒక్క మాట మాట్లాడడు. సముద్రం వాడికి వాళ్ల వీధి.

మా బోట్లు ఎక్కడున్నాయో ఒడ్డున తెలియడానికి మొదట ఒక కంపెనీ వాళ్లు బోటుకి బిగించే వైర్‌లెస్ సెట్లు ఇచ్చారు. కబుర్లన్నీ ఎక్కడో వాళ్ల సర్వర్‌కి వెళ్లి, అక్కణ్నుంచి మా ఫోన్లకి వచ్చేవి. ఆర్నెల్లు తిరక్కుండానే, మావాళ్లు తాతల నాటి నుంచి దాచుకున్న వేట చోట్లలో పరాయి బోట్లు కనపడ్డం మొదలైంది. ఎవరు చెప్పారో దేవుడికి తెలియాలి. ఇరవై రెండు బోట్ల సరంగులూ ఒకే రోజు వచ్చి సెట్లు నా బల్ల మీద పడేసి వెళ్లారు. ఆ కుప్ప ముందు తల పట్టుకుని కూర్చుంటే, ఐస్ బిల్లు కట్టడానికొచ్చిన వీరదుర్గ అంది: "సర్వర్ మనదే పెట్టుకుంటే పోలేదా అండి? మన కబురు మన ఊరు దాటదు."

ఆ మాటకి నేను నవ్వాను. మూడు నెలల తర్వాత ఆ నవ్వు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

ఆమె చేసింది ఇదీ. సొసైటీ డబ్బుతో మూడు చిన్న కంప్యూటర్లు కొంది. ఒకటి మా ఆఫీసులో, ఒకటి ఐస్ ఫ్యాక్టరీ మేడ గదిలో, ఒకటి తుఫాను షెల్టర్ మీద ఏరియల్ పక్కన పెట్టింది. మూడిట్నీ తీగలతో కలిపింది. దాన్ని క్లస్టర్ అంటారట. ప్రోగ్రామ్ పేరు 'కబురు'. దాన్ని కావాల్సిన సరంజామాతో సహా ఒక కంటైనర్‌లో కట్టి పెట్టింది. చేపల్ని ఐసుతో సహా పెట్టెలో సర్ది ఏ లారీలోనైనా ఎక్కించేసినట్టు, ఆ పెట్టెని ఏ కంప్యూటర్ మీదైనా దింపొచ్చు. ఒకటి ఆగిపోతే పెట్టె దానంతటదే ఇంకోదాని మీద లేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

"రెండు చాలవా? మూడెందుకు?" అన్నాను, డబ్బిచ్చేవాడిని కాబట్టి.

"ఒకదానికొకటి కనపడనప్పుడు ఎవరి మాట నిజమో తేలాలి కదండి. మూడుంటే రెండు ఒకటంటే చాలు, అదే నిజం. నాలుగు పెట్టామనుకోండి, రెండూ రెండూ అయిపోయి ఎటూ తేలదు."

ఆ పాత సెట్లనే తన సర్వర్‌కి కలిపి మళ్లీ బోట్లకి బిగించింది. పని బాగానే సాగింది. బోటు బయల్దేరేటప్పుడు సరంగు సెట్టు మీద ఎంతమంది ఎక్కారో ఆ అంకె నొక్కాలి. ఆ తర్వాత గంటగంటకీ సెట్టు తనంతట తనే బోటున్న చోటూ, ఆ అంకే పంపుతుంది. ఆఫీసు కిటికీలో పెట్టిన టీవీలో ఊరంతా చూసుకోవచ్చు. ఫలానా వాళ్ల బోటు, క్షేమం, మనుషులు ఇంతమంది. టీవీ కింది భాగంలో మూడు కంప్యూటర్ల పేర్లు, వాటికెదురుగా పచ్చరంగులో 'ఉంది' అని. ఆగిపోతే బూడిదరంగులో 'లేదు' అని.

అడ్డం పడింది లోవమ్మ. లోవమ్మ పల్లంరాజు తల్లి. చేపల గంపతో నలభై ఏళ్లు నడిచి మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి, మెట్లెక్కలేదు. మొగుడితో పాటు బోటెక్కి వలలు లాగిన ఆడమనిషి ఈ ఊళ్లో ఆవిడొక్కతే. ప్రారంభం రోజున ఐస్ ఫ్యాక్టరీ ముందు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మూడేంటే దుర్గా? మూడుతో ఎవరన్నా పని మొదలెడతారా? మేం ముగ్గురం సముద్రం మీదికెళ్తే రాయినన్నా నాలుగోవాడిగా ఎక్కించుకుంటాం."

ఈ పట్టింపు మా వైపూ ఉంది. ముగ్గురం బయల్దేరితే మా అమ్మ నా జేబులో చింతగింజ వేసేది. వీరదుర్గ మాత్రం ససేమిరా అంది. నాలుగో మిషన్ పెడితే లెక్క చెడుతుందని అత్తకి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. ఎండలో కొబ్బరికాయ దగ్గర ఈ గొడవ చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. "రాయే కదా, నేను తెస్తాను" అని బోట్లు కట్టే జెట్టీ మీదికి నడిచాను. అక్కడ దీపస్తంభం మొదట్లో ఓ పాత టైరు, టైరు మధ్యలో నున్నటి నల్లరాయి. దాని చుట్టూ తెల్లటి చార. తీసుకెళ్లి ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద, కంప్యూటర్ పక్కన పెట్టాను. ఎవరిదని ఎవర్నీ అడగలేదు.

"పెట్టారా బాబుగారూ?" అంది లోవమ్మ కింద నుంచి.

"పెట్టానమ్మా, కాయ కొట్టు."

"ఊరికే పెడితే చాలదండి. పేరు పెట్టి కలుపుకోవాలి. లేపోతే అది రాయే."

అత్త నోరు మూయించడానికి వీరదుర్గ కంప్యూటర్ ముందు కూర్చుని, లేని మిషన్‌కి ఒక పేరు కొట్టింది. నాలుగు. టీవీలో మూడు పేర్ల కింద నాలుగో పేరు వచ్చింది. దాని వెనక మిషన్ లేదు, తీగ లేదు. అందుకని ఎదురుగా బూడిదరంగులో 'లేదు' అని పడింది. లోవమ్మకి చదువు రాదు. కాయ కొట్టింది. మేమిద్దరం నవ్వుకున్నాం.

ఐదు నెలలు అది అలాగే 'లేదు' అని ఉంది.

నాగులచవితి వెళ్లిన వారానికి పల్లంరాజు బోటు బయల్దేరింది. రోజూ నలుగురు వెళ్తారు. ఆవేళ ఒకడికి జ్వరం. పల్లంరాజు, అచ్చిబాబు, అశోక్, ముగ్గురే. నేను డీజిల్ పుస్తకం రాస్తూ జెట్టీ మీదే ఉన్నాను. పల్లంరాజు దీపస్తంభం దగ్గరికెళ్లి టైరులోకి వంగాడు.

"రాయేదిరా? మన నాలుగోవాడేడి?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ రాయి ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. చెప్పొచ్చు. ఐస్ ఫ్యాక్టరీ దాకా నడవాలి, మెట్లెక్కాలి, అంతకంటే ముందు ఇంతమందిలో తిట్లు తినాలి. ఒక రాయికి ఇంత రభసా అని నాకు నేను చెప్పుకుని, పుస్తకంలోకి తల దూర్చాను. ఆ నిమిషం గురించి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అచ్చిబాబు వెతుకుదామన్నాడు. పోటు నీరు తీసేస్తోందని పల్లంరాజు నవ్వుతూ బోటు తోశాడు. "లేపోతే పోయాడు. వెనకాలే వచ్చేత్తాడులే!"

టీవీలో పడింది. పల్లంరాజు బోటు, క్షేమం, మనుషులు 3.

మర్నాడు పొద్దున్నే వాతావరణం చెడింది. తుఫాను కాదు, అల్పపీడనమే అన్నారు. అన్ని బోట్లూ లోపలికొచ్చేశాయి, పల్లంరాజుది తప్ప. వాళ్లూ తిరుగుముఖం పట్టారని టీవీలో తెలుస్తూనే ఉంది. పదకొండు గంటలకి మొగకి ఈశాన్యంగా, ఆరు మైళ్ల దూరంలో ఉన్నారు. క్షేమం, 3. పదకొండున్నరకి గాలి మొదలైంది. పట్టపగలే ఆకాశం ఇత్తడి రంగుకి తిరిగింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. షెల్టర్ మీద ఏరియల్ విరిగి కింద పడ్డ చప్పుడు ఆఫీసులోకి వినపడింది. దానితో పాటే అక్కడి కంప్యూటరూ ఆగింది. ఐస్ ఫ్యాక్టరీ జనరేటర్‌లోకి నీళ్లెళ్లి అదీ ఆగింది. ఇన్వర్టర్ మీద మా ఆఫీసుది ఒక్కటే మిగిలింది.

"ఇంక ఏ కబురూ రాదండి" అంది వీరదుర్గ. "ఏరియల్ లేదు. మూడిట్లో రెండు పోయాయి. ఒక్కటే మిగిలితే అది ఏమీ మార్చకూడదు. ఆఖర్న ఏం చూసిందో అదే చూపిస్తూ ఊరుకుంటుంది."

ఊరుకోలేదు.

పన్నెండయ్యేసరికి టీవీలో నాలుగో పేరు ఎదురుగా బూడిదరంగు పోయి పచ్చరంగు వచ్చింది. 'ఉంది.' దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వరస. కబురు నడుస్తున్న చోటు: నాలుగు.

వీరదుర్గ తీగ ఊడదీసి మళ్లీ పెట్టింది. తెర ఆపి వెలిగించింది. అదే. పై వరసలో ఒక కొత్త కబురు. పల్లంరాజు బోటు, క్షేమం. చోటు పదకొండింటిది కాదు, దక్షిణానికి జరిగింది. మనుషులు 4.

ఆఫీసులో పదిమందిమి ఉన్నాం. అందరం టీవీ దగ్గరికి జరిగాం.

ఒంటిగంటకి ఇంకో కబురు. ఇంకాస్త దక్షిణంగా. 4. రెండు గంటలకి మళ్లీ. 4.

గాలి కొంచెం తగ్గింది. సొసైటీ పెద్ద బోటుకి సరంగు బుల్లియ్య తడిసి ముద్దయి లోపలికొచ్చాడు. "పోటు ఇంకో అరగంట. అది తీసేస్తే ఇసకమేట తేలుద్ది, నా బోటు మొగ దాటదు. ఒక్కసారే ఎల్లగలను. ఎటెల్లమంటావో చెప్పు చెల్లెమ్మా."

వీరదుర్గ టీవీ వంక చూడకుండా చెప్పింది. "ఈశాన్యం. పదకొండింటి చోటుకి. అది నిజం మిషన్లు చెప్పింది. ఈ నాలుగనేది లేదు. ఆ పేరు నేనే సరదాకి కొట్టాను. దాని మాట నమ్మి పంపించి, వాళ్లక్కడ లేకపోతే..."

అప్పుడు నేను నోరు తెరిచాను. "వాళ్ల రాయి నా దగ్గరుంది" అన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. టైరులోంచి తీసింది నేనేననీ, అది ఐస్ ఫ్యాక్టరీలో మిషన్ పక్కనే ఉందనీ, నిన్న పల్లంరాజు వెతుకుతుంటే చూస్తూ కూడా చెప్పలేదనీ మొత్తం చెప్పేశాను. అచ్చిబాబు భార్య రమ్యశ్రీ నా మీదికి వచ్చింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. లోవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయితే మన నాలుగోవాడే అది" అంది లోవమ్మ నెమ్మదిగా. "పేరు పెట్టి కలుపుకున్నాం గదా."

వీరదుర్గ రెండు చేతులతో మొహం రుద్దుకుంది. "నాకు అలా చెప్పకత్తా. నేను దాన్ని బట్టి పంపలేను. ఈ మిషన్ ఒకటంటోంది, అదొకటంటోంది. ఒకటికొకటి. ఎటూ తేలదు." అత్త వైపు తిరిగి అడిగింది. "రాయి సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. పదకొండింటికి ఈశాన్యంలో ఇంజను ఆగిపోతే, రెండింటికి బోటు ఎక్కడుంటుంది?"

లోవమ్మ టీవీ వంక చూడలేదు, చూసినా చదవలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టింది. "కార్తీకంలో నీరు దక్షిణానికి లాగుద్ది. పైన ఈశాన్యం గాలి. ఇంజను లేని బోటు ఉన్నచోట ఉండదు. మొగ దాటి కిందకి పోద్ది. సరుగుడు తోట ఎదురుగా, ఒడ్డుకి మూడు మైళ్లలో చూసుకోమను."

టీవీలో రెండింటి చోటు సరుగుడు తోట ఎదురుగానే ఉంది.

"మూడిట్లో రెండు" అంది వీరదుర్గ తనలో తను. తర్వాత బుల్లియ్య వైపు తిరిగింది. "దక్షిణం."

బుల్లియ్య వెళ్లాడు. మూడు గంటలకి 4. నాలుగు గంటలకి 4. వీరదుర్గ కుర్చీ అంచు మీద కూర్చుని ప్రతి అంకెకీ ఊపిరి పీల్చుకుంది. ఆ నాలుగో మనిషి ఎవరన్నది ఎవరమూ పైకి అనలేదు. ఎవరైనా సరే, మిగతా ముగ్గురు మావాళ్లు.

ఐదయింది. వరస మారింది.

పల్లంరాజు బోటు. క్షేమం. మనుషులు 1.

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. వీరదుర్గ లేచి నిలబడి టీవీ దగ్గరికెళ్లి ఆ అంకెని వేలితో తాకింది. "ఒక్కరా?" అంది. "ఎవరండీ ఆ ఒక్కరు?" నన్నే అడిగింది. రమ్యశ్రీ పక్కనే ఉంది, అశోక్ తల్లి సూర్యకళ గోడకి ఆనుకుని ఉంది. ముగ్గురు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ముగ్గురూ ఒకటే కోరుకుంటున్నారు. ఒకరి కోరిక తీరితే మిగతా ఇద్దరి ఇళ్లూ కూలిపోతాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ముందుగా కళ్లు దించుకుంది వీరదుర్గే. తర్వాత ఎన్నాళ్లకో నాతో అంది, "నేను మా ఆయనే అయ్యుండాలని కోరుకున్నానండి. నిలబడి, వాళ్ల మొహాలు చూస్తూ, అలాగే కోరుకున్నాను" అని.

పోటు తీసేసింది కాబట్టి బుల్లియ్య బోటు తెల్లవారేదాకా మొగ బయటే ఆగాలి. ఆ రాత్రి గురించి రాయను. టీవీ గంటగంటకీ ఒకటే చెప్పింది.

పొద్దున్న ఆరున్నరకి పెద్ద బోటు జెట్టీకి వచ్చింది. ముందు అచ్చిబాబు దిగాడు, తర్వాత అశోక్. వెనకాల బుల్లియ్య భుజం మీద చెయ్యేసుకుని పల్లంరాజు. ముగ్గురూ. వీరదుర్గ పరిగెత్తలేదు. జెట్టీ మీద ఉన్నచోటే కూలబడి, స్క్రూడ్రైవర్ తలలోంచి జారి చప్పుడు చేస్తూ దొర్లుతుంటే, నోరు తెరిచి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గుపడటం లేదు.

పల్లంరాజు వేడి కాఫీ తాగుతూ చెప్పాడు. ఇంజను పదకొండుంబావుకి ఆగింది. గాలికి ముందు స్తంభం విరిగి, దానికి బిగించిన సెట్టుతో సహా సముద్రంలో పోయింది. ఆ వెంటనే బోటు బోల్తా కొట్టింది. ముగ్గురూ బోర్లాపడ్డ బోటు మీదికి ఎగబాకారు. సాయంత్రం బుల్లియ్య కనపడేదాకా దాని మీదే ఉన్నారు. ఐదింటికి ముందే ముగ్గుర్నీ పెద్ద బోటులోకి లాగేశారు.

"సెట్టు పోయిందా? పదకొండున్నరకేనా?" అంది వీరదుర్గ.

"కళ్లముందే మునిగింది."

"మరి తర్వాత కబుర్లు ఎవరు పంపారు?"

పల్లంరాజు నవ్వలేదు. వాణ్ని నవ్వకుండా చూడ్డం నాకదే మొదలు. "దుర్గా, బోర్లాపడ్డ బోటు మీద ముగ్గురు కూర్చుంటే ఏవవుద్దో తెలుసా? ఒక పక్క బరువు చాలదు. ప్రతి అలకీ తిరగబడుద్ది. నేనిటు, వీళ్లిద్దరూ అటూ. నా వెనక మూల ఖాళీ. అది పైకి లేవాలి. ఒక్కసారి కూడా లేవలేదే. ఎవరో కూకున్నట్టు అలాగే నొక్కుకుని ఉంది. వెనక్కి తిరిగి చూడొద్దని అచ్చిబాబుగాడు ఏడ్చాడు. నేనూ చూడలేదు."

అప్పుడు సూర్యకళ ఆఫీసు కిటికీ వైపు వేలు చూపించింది. ఏడయింది. పల్లంరాజు బోటు, క్షేమం, మనుషులు 1.

మావాళ్లు ముగ్గురూ మా ఎదురుగానే ఉన్నారు. రాత్రంతా మేం ఎవరి కోసం ఏడ్చామో ఆ ఒక్కడు వీళ్లలో లేడు.

"నలుగురెళ్లారు, ముగ్గురొచ్చారు" అంది లోవమ్మ. "ఒకణ్ని అక్కడే వదిలేసొచ్చారు."

సముద్రం సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ గంటగంటకీ అదే కబురు. కరెంటొచ్చింది, కొత్త ఏరియల్ బిగించారు, మూడు కంప్యూటర్లూ పచ్చగా వెలిగాయి. అయినా కబురు మాత్రం వాటి మీదికి రాలేదు, నాలుగు మీదే నడుస్తోంది. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. "ఆ పేరు తీసేయమ్మా" అని వీరదుర్గని బతిమాలాను. ఆమె ఒక వరస కొట్టి చూపించింది. "ఇంకొక్క మీట నొక్కితే పోతుందండి. పేరూ ఉండదు, కబురూ రాదు." వేలు మీట మీదే పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత కొట్టిన వరస ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపేసింది.

"గంటగంటకీ క్షేమం అని చెప్తున్నవాణ్ని లేడని ఎలా రాయనండి? మావాళ్లని ఐదు గంటలు మోశాడు."

మూడో రోజు పొద్దున్న నేను ఐస్ ఫ్యాక్టరీ మెట్లెక్కాను. రాయి పెట్టినచోటే ఉంది, పొడిగానే ఉంది. రెండు చేతులతో ఎత్తుకుని జెట్టీ దాకా మోసుకెళ్లాను. దారిలో దానితో మాట్లాడాను కూడా. ఏం మాట్లాడానో రాయను. పల్లంరాజు, అచ్చిబాబు, అశోక్ అడిగి తెచ్చుకున్న బోటులో ఉన్నారు. రాయిని ముందు భాగంలో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. బోర్లాపడ్డ బోటు టీవీ చెప్పిన చోటే దొరికిందట. దాన్ని వెల్లకిలా తిప్పి, నీళ్లు తోడి, తాడు కట్టి లాక్కొచ్చారు. సెట్టు ఉండాల్సిన చోట విరిగిన స్తంభం మొదలు తప్ప ఏమీ లేదు. నేను చెయ్యి పెట్టి తడిమి చూశాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు బోట్లూ జెట్టీకి ఆనాయి. ఎండ ఫెళఫెళలాడుతోంది. ఊరు ఊరంతా ఒడ్డున ఉంది. అచ్చిబాబు, అశోక్ దిగారు. పల్లంరాజు దిగి తాడు కట్టాడు. రాయిని తీసుకొచ్చి టైరులో పెట్టాడు. ఆ తర్వాత లాక్కొచ్చిన తన బోటు దగ్గరికి వెనక్కి వెళ్లాడు. ఖాళీ బోటు, అడుగున ఇంకా నీళ్లు కదులుతున్నాయి. దాని వైపు కుడిచెయ్యి చాపాడు. ముసలివాళ్లని దింపేటప్పుడు చాపినట్టు. ఒక మనిషి అంచు మీద కాలు పెట్టి, కిందకి దిగి, నిలదొక్కుకునేంతసేపు అలాగే పట్టుకుని, చెయ్యి వదిలాడు.

నా వెనక కిటికీలోంచి వీరదుర్గ పిలిచింది. "సెక్రటరీగారూ, చూడండి."

పల్లంరాజు బోటు. చేరింది. మనుషులు 0. కింద నాలుగో పేరు ఎదురుగా బూడిదరంగు. 'లేదు.'

నేను పల్లంరాజు దగ్గరికి వెళ్లాను. "ఎవరికయ్యా చెయ్యి అందించావు?" అని మెల్లగా అడిగాను.

వాడు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఏమోనండి" అన్నాడు. "బరువు మాత్రం పడింది."